వెండి చెప్పిన సాక్ష్యం

మన ఇళ్ళలో వెండి నల్లబడిందంటే ఎవరమూ కంగారు పడం. పండగ ముందురోజు బీరువాలోంచి కుందులూ, హారతిపళ్ళెమూ తీసి, విబూదితో రుద్ది, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టుకుంటాం. గాలిలో వుండే కొద్దిపాటి గంధకపు ఆవిరి వెండిని పట్టుకుని ఆ నలుపు తెస్తుందని బళ్ళో సైన్సు మాష్టారు చెప్పే వుంటారు. ఉడికించిన కోడిగుడ్డుని వెండి చెంచాతో తింటే చెంచా నల్లబడేదీ అందుకే. ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరిగే పని గనక దానితో మనకి పేచీ లేదు.

అదే, తోమి పెట్టిన వెండి చూస్తూండగానే నల్లబడితే? దానితోబాటు అద్దాల అంచులూ, స్నానాలగది కుళాయిలూ, ఏ.సి.లోని రాగి గొట్టాలూ, స్విచ్చిల వెనక తీగలూ మసి పూసినట్టయిపోతుంటే? పైగా ఇల్లంతా కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంటే?

2006 మొదలు కొన్నేళ్ళపాటు అమెరికాలో ఫ్లారిడా, లూసియానా, మిసిసిపి, అలబామా, వర్జీనియా రాష్ట్రాల్లో కొత్త ఇళ్ళవాళ్ళకి ఎదురైన తంటా ఇదే. మొదట్లో ఎవరికీ అంతు పట్టలేదు. మురుగ్గొట్టం పగిలిందేమోనని ప్లంబర్లని పిలిచారు. ఏ.సి. కొని ఏడాది కాకుండానే పాడైతే కంపెనీని తిట్టి కొత్త భాగం వేయించారు. అదీ పోయింది. మూడోసారీ వేయించారు. ఈలోగా పిల్లలకి దగ్గు, పెద్దవాళ్ళకి తలనొప్పి, కళ్ళమంటలు, కొందరికి ముక్కులోంచి రక్తం. ఇల్లు వదిలి నాలుగు రోజులు బయట వుంటే తగ్గేది, తిరిగొస్తే మళ్ళీ మామూలే. అలా ఇంటింటా ఎవరికి వాళ్ళు, "మా ఇంటికే ఏదో అయింది" అనుకుంటూ గడిపారు.

దొంగ గోడలోనే వున్నాడు. నిజం చెప్పాలంటే గోడే దొంగ.

ఇక్కడ ఒక్కమాట. అమెరికాలో మామూలు ఇల్లు మన ఇల్లులా ఇటుకా, సిమెంటూ పెట్టి కట్టరు. కర్ర చట్రం నిలబెట్టి, దానికి రెండు వైపులా జిప్సం పలకలు బిగించి, కీళ్ళు పూడ్చి, రంగు వేసేస్తారు. మన దగ్గర ఈమధ్య ఫాల్స్ సీలింగుకి వాడుతున్నారే, అలాంటి పలకే. అర అంగుళం మందం, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. అటూ ఇటూ కాగితం, మధ్య జిప్సం. కరెంటు తీగలూ, నీటిగొట్టాలూ ఈ పలకల మధ్యన వుండే ఖాళీలోంచే వెళతాయి. అంటే ఆ ఇంట్లో మనుషులు నాలుగు పక్కలా, పైకప్పునా కూడా జిప్సం పలకల పెట్టెలో కాపురం చేస్తారన్నమాట. ఆ పలకలోంచే హైడ్రోజన్ సల్ఫైడులాంటి గంధకపు ఆవిర్లు వస్తుంటే, ఇక తప్పించుకునే చోటెక్కడ?

ఆ పలకలు చైనావి. అంతకు ముందు అమెరికాకి అవసరమైన జిప్సం పలకలు చాలావరకు అక్కడే తయారయ్యేవి. 2004లో ఫ్లారిడా మీదకి వరసగా నాలుగు తుపాన్లు వచ్చిపడ్డాయి. 2005 ఆగస్టు 29న కత్రినా వచ్చింది. గట్లు తెగి న్యూ ఆర్లియన్స్ నగరం ఎనభై పాళ్ళు నీట మునిగింది. అప్పటికే ఇళ్ళ వ్యాపారం ముమ్మరంగా సాగుతోంది, బ్యాంకులు అడిగినవాడికీ అడగనివాడికీ అప్పులిస్తున్నాయి. పలకలకి ఒక్కసారిగా కరువొచ్చింది. కరువొచ్చినప్పుడు సరుకెక్కడిదని ఎవరడుగుతారు? చైనా నుంచి ఓడలు కదిలాయి. 2006 ఒక్క ఏడాదిలోనే లక్షల కొద్దీ పలకలు రేవుల్లో దిగాయి. పలక వంగకూడదనీ, విరగకూడదనీ ప్రమాణాలున్నాయి గాని, లోపల గంధకం ఎంత వుండవచ్చునో అప్పటికి ఏ పుస్తకంలోనూ రాసి లేదు. అందుచేత రేవులో ఆపి చూసినవాడూ లేడు.

గల్ఫు తీరం వేడికీ, ఉక్కకీ పెట్టింది పేరు. మన కోస్తా జిల్లాల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ వేడికి, ఆ చెమ్మకి పలకలోని గంధకం మేలుకుంది.

2009లో ప్రభుత్వం కదిలింది. వినియోగ వస్తువుల భద్రతా సంఘం వాళ్ళు 51 ఇళ్ళు ఎంచుకుని పరీక్షలు పెట్టారు. ఆ పరీక్ష ఎలా చేశారో చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. పెద్దపెద్ద యంత్రాలతోబాటు, ఇంట్లో రాగిరేకు ముక్కలూ వెండిరేకు ముక్కలూ కొన్నాళ్ళు పెట్టి వుంచి, ఏ మేరకి నల్లబడ్డాయో చూశారట! ఇల్లాళ్ళు తమ చెంచాలూ, గొలుసులూ చూసుకుని ఏం చెప్పారో, శాస్త్రజ్ఞులూ వెండినే అడిగి అదే తెలుసుకున్నారు. ఆ నవంబరులో పలకకీ, ఆవిరికీ, లోహం పాడవటానికీ గట్టి సంబంధం వుందని తేల్చారు. 2010 మార్చిలో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల వారు మరో పరీక్ష చేసి, గంధకపు ఆవిర్లు అన్నిటికన్న ఎక్కువగా వదిలిన పది పలకలూ చైనావేనన్నారు. అయితే చైనా పలకలన్నీ చెడ్డవి కావనీ, కొన్ని శుభ్రంగానే వున్నాయనీ కూడా వాళ్ళే చెప్పారు. ఆ మాటా చెప్పుకోవాలి కదా.

తెలిశాక ఏం చెయ్యాలి? 2010 ఏప్రిల్లో ప్రభుత్వం ఇచ్చిన సలహా వింటే గుండె జారుతుంది. అనుమానం వున్న పలకలన్నీ ఊడబీకండి, తీగలు తీసెయ్యండి, గ్యాసు గొట్టాలు తీసెయ్యండి, పొగ వస్తే మోగే గంటలు తీసెయ్యండి అన్నారు. తీగల సంగతి మరుసటి ఏడు మళ్ళీ పరీక్ష చేసి, స్విచ్చిలూ సాకెట్లూ మారిస్తే చాలునని సడలించారనుకోండి. ఏమైనా ఇంటిని ఎముకలగూడు దాకా విప్పి మళ్ళీ కట్టడమే. ఆ ఏడాదే ఒక కోర్టు లెక్క కట్టి, ఆ పనికి చదరపు అడుగుకి 86 డాలర్లవుతుందని తేల్చింది. పదిహేను వందల అడుగుల చిన్న ఇంటికే లక్షా పాతిక వేల డాలర్లు పైమాట!

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు మనవాళ్ళు. ఒకసారి కట్టి చూసిన వాళ్ళకే ఆ సామెత. కత్రినాలో సర్వం పోగొట్టుకుని, బీమాసొమ్మూ, సర్కారు సాయమూ, దాచుకున్నదీ కలిపి తిరిగి కట్టుకున్న కుటుంబం, తెచ్చిన పలకే విషమైందని మళ్ళీ ఇల్లు ఖాళీ చెయ్యాలి. వున్న ఇంటి మీద బ్యాంకు వాయిదా ఆగదు, వెళ్ళిన ఇంటికి అద్దె తప్పదు. 2008లో ఇళ్ళ ధరలు కుప్పకూలాయి గనక అమ్ముకునే దారీ లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఇందులో పేదా గొప్పా తేడా కూడా లేదు. న్యూ ఆర్లియన్స్ ఫుట్‌బాల్ జట్టు కోచ్ షాన్ పేటన్ కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది. తుపాను తర్వాత సంగీతకారుల కోసమని ధర్మసంస్థ కట్టించిన ఇళ్ళలోనూ ఆ పలకలే బయటపడ్డాయి.

మరి ఖర్చెవరు పెట్టుకోవాలి? ఇక్కణ్ణించీ కథ అచ్చం మన పెళ్ళిళ్ళలో కట్నం బాకీ పంచాయితీలాగే నడిచింది.

ఇంటివాళ్ళు మొదట బీమా కంపెనీకి రాశారు. పాలసీలో సన్నక్షరాలు చూసుకోమంది కంపెనీ. లోహం తుప్పు పడితే మాకు సంబంధం లేదు, వస్తువులో ముందే దాగిన లోపమైతే సంబంధం లేదు, కాలుష్యమైతే అసలు సంబంధం లేదు. 2012లో వర్జీనియా సుప్రీంకోర్టు కూడా ఆ షరతులు చెల్లుతాయనే అంది. ఇల్లు కట్టినవాణ్ణి అడిగితే, "నేను కొన్నాను, బిగించాను, వాసన నాకేం తెలుసు?" అన్నాడు. చాలామంది కట్టేవాళ్ళు అప్పటికే దివాళా ఎత్తి వున్నారు. ఇలాంటి వాటిల్లో లెనార్ అనే పెద్ద కంపెనీ మాత్రం తన ఇళ్ళలో వాళ్ళని వేరే చోటికి మార్చి, తన ఖర్చుతో ఇళ్ళు బాగుచేయించి, ఆ తర్వాత పలకలు చేసినవాళ్ళ మీదా అమ్మినవాళ్ళ మీదా తానే దావా వేసింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను. సరుకు పంపిణీ చేసినవాళ్ళు మేమూ మోసపోయామన్నారు. అయితే తర్వాత బయటపడ్డ కాగితాల్ని బట్టి, 2006లోనే ఫ్లారిడాలో వాసన ఫిర్యాదులు వచ్చాయి. పలకలు చేసిన కంపెనీకీ, ఒక పంపిణీదారుకీ 2007 జనవరిలో ఒప్పందమైంది. గోదాములో వున్న సరుకు మార్చి ఇచ్చేటట్టూ, సంగతి బయటకి పొక్కనివ్వకుండేటట్టూ! గోదాములో వున్నది మారింది. గోడల్లోకి ఎక్కినది ఎక్కినట్టే వుంది. ఆ గోడల మధ్య నిద్రపోతున్న వాళ్ళకి ఇంకా రెండేళ్ళదాకా ఎవరూ చెప్పలేదు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. క్రీస్తుకి పూర్వం 18వ శతాబ్దంలో బాబిలోను నేలిన హమ్మురాబి రాతిమీద చెక్కించిన శాసనం పారిస్‌లో లూవ్రు మ్యూజియంలో వుంది. ఇల్లు కూలి యజమాని చస్తే కట్టినవాణ్ణి చంపమన్నాడు. యజమాని కొడుకు చస్తే కట్టినవాడి కొడుకుని చంపమన్నాడు. అది వినటానికే ఒళ్ళు జలదరిస్తుంది, పాపం ఆ పిల్లవాడేం చేశాడు? ఆ దిగువనే మాత్రం ఇంగితమైన మాటలున్నాయి. సామాను పోతే కట్టినవాడు ఇచ్చుకోవాలి, కూలిన ఇల్లు తన సొంత సొమ్ముతో తిరిగి కట్టాలి, గోడ ఒరిగితే తన ఖర్చుతోనే గట్టిచెయ్యాలి. హమ్మురాబికి ఒక సదుపాయం వుంది లెండి. మేస్త్రీ అదే ఊళ్ళో వుండేవాడు. ఇటుక కూడా అక్కడి మట్టిదే. భటుణ్ణి పంపితే సాయంత్రానికి పట్టుకొచ్చేవాడు.

సరుకు చేసేవాడూ, వాడుకునేవాడూ దూరమయ్యేకొద్దీ న్యాయం కాళ్ళీడుస్తూ వచ్చింది. 1842లో ఇంగ్లండులో టపాబండి ఒకటి విరిగిపడి, తోలేవాడు కుంటివాడయ్యాడు. బండి మరమ్మతు ఒప్పందం తపాలాశాఖతో గాని నీతో కాదుగా, నువ్వు అడగటానికి వీల్లేదు అంది కోర్టు. ఆ మాట ముప్పాతిక శతాబ్దం పాటు వేదవాక్కులా నడిచింది. న్యూయార్కులో బ్యూక్ కారు చక్రం ఆకులు పుటుక్కున విరిగి ఒకాయన కింద పడ్డ కేసు 1916లో తీర్పుకొచ్చింది. చక్రం మేం చెయ్యలేదు, వేరేవాళ్ళ దగ్గర కొన్నాం అంది బ్యూక్ కంపెనీ. కారు నువ్వమ్మాక చక్రం చూసుకోవలసింది నువ్వే అన్నాడు జడ్జి కార్డోజో. అమ్మినవాడూ కొన్నవాడూ ముఖాలు చూసుకున్నారా లేదా అన్న పట్టింపు ఆ తీర్పుతో సడలింది. మనం ఈనాడు ధైర్యంగా కంపెనీల మీద కేసులు వేస్తున్నామంటే అలాంటి తీర్పుల చలవే.

కాని ఆ తీర్పు కూడా సముద్రం దాటలేదు. పలకల కేసులన్నీ 2009 జూన్‌లో న్యూ ఆర్లియన్స్ ఫెడరల్ కోర్టులో జడ్జి ఎల్డన్ ఫాలన్ ముందుకి చేర్చారు. ముద్దాయిల్లో ముఖ్యులు ఇద్దరు. ఒకటి క్నాఫ్ అనే జర్మన్ కంపెనీకి తియాంజిన్‌లో వున్న ఫ్యాక్టరీ. రెండోది తైషాన్ జిప్సం అనే చైనా కంపెనీ. చేసిన సరుకొకటే, ఇద్దరూ నడిచిన దారులు వేరు. 2010 ఏప్రిల్లో ఒక లూసియానా కుటుంబానికి క్నాఫ్ దాదాపు లక్షా 64 వేల డాలర్లు ఇవ్వాలని జడ్జి తీర్పు చెప్పాడు. 2011 డిసెంబరులో ఆ కంపెనీ రాజీకొచ్చింది. తన పలకలున్న ఇళ్ళు విప్పి మళ్ళీ కట్టించటానికి, ఇంతవరకే అనే పరిమితి లేకుండా డబ్బు పెడతానంది. ఇది మంచితనమనే వాళ్ళు అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ కంపెనీకి అమెరికాలో వ్యాపారాలుండటం, యూరప్‌లో పరువు వుండటం అసలు కారణాలనిపిస్తుంది. పట్టుకోవటానికి జుట్టున్నవాడు వంగక తప్పదు.

తైషాన్ సంగతి చూడండి. నోటీసు చైనా భాషలోకి తర్జుమా చేయించి, హేగ్ ఒప్పందం ప్రకారం ప్రభుత్వాల ద్వారా పంపాలి. నెలలు పడుతుంది. తీరా చేరాక కంపెనీ కోర్టుకి రానే లేదు. 2010 ఏప్రిల్లో వర్జీనియాలోని ఏడు కుటుంబాలకి 26 లక్షల డాలర్లు ఇప్పిస్తూ ఎక్స్‌పార్టీ తీర్పయింది. అప్పుడు లాయర్లు దిగారు, మా మీద మీకు అధికారం లేదంటూ. నాలుగేళ్ళు అది నలిగి, అధికారం వుందని పై కోర్టు తేల్చాక 2014 జూలైలో మీ ఆస్తుల లెక్క చెప్పండని పిలిస్తే మళ్ళీ మాయం. జడ్జి ఫాలన్ కోర్టు ధిక్కారం కింద జరిమానా వేసి, ఈ కేసుకి వచ్చేదాకా అమెరికాలో వ్యాపారం చెయ్యకూడదన్నాడు. ఆ దెబ్బకి 2015లో ఆ ఏడు కుటుంబాల డబ్బు కట్టారు. పైన వున్న చైనా ప్రభుత్వపు మాతృసంస్థ మాత్రం, విదేశీ సర్కారు మీద దావా చెల్లదన్న చట్టం చూపించి 2016లో బయటపడింది. మిగిలిన వేల మందికీ 24 కోట్ల 80 లక్షల డాలర్లకి 2019లో రాజీ కుదిరింది, 2020 జనవరిలో కోర్టు ఆమోదించింది. దావాలు మొదలైనప్పుడు ఒళ్ళో వున్న పసివాడు ఆ డబ్బొచ్చే వేళకి హైస్కూలు మెట్టు దగ్గర వున్నాడన్నమాట. ఈలోగా ఎందరి ఇళ్ళు బ్యాంకు జప్తు చేసిందో, ఎందరు అయినకాడికి అమ్ముకు పోయారో!

నాలుగేళ్ళ కిందట మా వంటింట్లో విదేశపు కుళాయి ఒకటి బిగించారు. ఆరు నెలలకి కారటం మొదలెట్టింది. ప్లంబరు షాపు వాణ్ణడగమన్నాడు. షాపువాడు ఏజెంటుది ఏదో చెన్నై నంబరిచ్చాడు. ఆ ఏజెంటు, "కంపెనీకి రాయండి మేడమ్" అని ఏదో దేశం పేరు చెప్పాడు. మా వారు నవ్వి బజారు నుంచి మామూలు కుళాయి తెచ్చి వేయించారు. కుళాయి గనక నవ్వుకున్నాం. అదే ఇల్లయితే?

అందుకే లెనార్ కంపెనీ సంగతి గుర్తుంచుకోమన్నాను. ముందు ఇల్లు బాగుచేసి, ఆనక సముద్రం దాటి వెతుక్కోవటం. ఇందులో కొందరికి అన్యాయం జరుగుతుందని నాకు తెలుసు. ఇద్దరు కూలీలని పెట్టుకుని పలకలు బిగించుకునే చిన్న కాంట్రాక్టరుకి గంధకం పరీక్ష చెయ్యటం ఎలా తెలుస్తుంది? వాడి మీద పెడితే వాడూ మునుగుతాడు, ఇంటామెకీ దక్కదు. కనక ఆ భారం ఓడలోంచి సరుకు దింపి మొదటి లాభం తీసుకున్న దిగుమతిదారు మీదా, వందల ఇళ్ళు కట్టి అమ్మే పెద్ద కంపెనీల మీదా వుండాలి. ఏ దేశపు ఏ ఫ్యాక్టరీలో కొనాలో ఎంచుకున్నది వాళ్ళు. ముందే బీమా చేసుకోగలిగిన వాళ్ళూ వాళ్ళే. చైనా కంపెనీకి నోటీసు పంపే ఖర్చు వాళ్ళ లాభంలో ఒక మూల. పిల్లల్ని అద్దె ఇంట్లో పెట్టుకున్న ఇల్లాలికి అది జీవితం.

ఈ విషయంలో మన చట్టం ఒకటి చదివి ఆశ్చర్యపోయాను. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం (అది 2019 నాటిది) 86వ సెక్షన్లో, సరుకు తయారుచేసినవాడు ఎవరో తెలియకపోయినా, తెలిసినా అతనికి నోటీసు అందించలేకపోయినా, అతను మన దేశపు చట్టానికి లోబడని వాడైనా, తీర్పు అతని మీద అమలు జరపలేకపోయినా, అమ్మినవాడే జవాబుదారీ అని వుంది. అమ్మినవాడంటే ఎవరెవరో కూడా రాశారు. దిగుమతి చేసినవాడు అందులో వున్నాడు. ఇళ్ళూ ఫ్లాట్లూ కట్టి అమ్మేవాడూ వున్నాడు. ఇది కాక, రెరా అని మనం పిలిచే 2016 నాటి చట్టం ప్రకారం, ఫ్లాటు చేతికొచ్చిన అయిదేళ్ళలోగా కట్టుబడిలోనో నాణ్యతలోనో లోపం బయటపడితే ముప్పై రోజుల్లో బిల్డరు ఊరికే బాగుచేసివ్వాలి. తైషాన్ వెనక పదేళ్ళు తిరిగిన వాళ్ళు ఈ సెక్షన్ చూస్తే ఏమనుకుంటారో! చట్టంలో వున్నంత మాత్రాన చేతికొస్తుందా అని మీరడగవచ్చు. వినియోగదారుల కోర్టుల్లో వాయిదాల సంగతి నాకూ తెలుసు. అయినా ఎవర్నడగాలో తెలియడం సగం పని.

అమెరికావాళ్ళూ తర్వాత ఒక చట్టం చేసుకున్నారు. 2013 జనవరిలో అధ్యక్షుడు ఒబామా సంతకం పెట్టాడు. పలకలో గంధకానికి హద్దు పెట్టమన్నది. పది లక్షల పాళ్ళలో పది పాళ్ళకి మించకూడదని ఆ తర్వాత ప్రమాణం ఏర్పడింది. ప్రతి పలక మీదా చేసినవాడి పేరూ, చేసిన నెలా సంవత్సరమూ చెరగకుండా ముద్ర వెయ్యాలని కూడా వుంది. అంతకు ముందు ఇళ్ళవాళ్ళు గోడకి కన్నం పెట్టి, లోపలికి అద్దం దూర్చి, పలక వీపున ఏం అచ్చు వుందో చూసుకునే వాళ్ళు. కొన్నిటి మీద ఏమీ వుండేది కాదు, మరి ఎవర్నని అడుగుతారు?

ఎంత ముద్ర వేసినా అది వుండేది పలక వెనకే. బిగించి రంగు వేశాక ఎవరికీ కనబడదు. మా వదిన వాళ్ళింట్లో మొన్న ఫాల్స్ సీలింగు పని జరిగింది. ఈ కథంతా నా దగ్గర విన్నది గనక, పలకలు పైకెక్కించే ముందు గోడకి చేరేసి, ఒక్కొక్క దాని వెనక భాగం సెల్‌ఫోనులో ఫోటో తీసి పెట్టుకుంది. బిల్లు కూడా అడిగి పుచ్చుకుంది. "ఈ అమ్మగారు పలకలకి కూడా పెళ్ళిచూపుల ఫోటోలు తీస్తున్నారే" అని మేస్త్రీ నవ్వాడట. నవ్వితే నవ్వాడు, నిచ్చెన దిగి రెండో వరస తనే తిప్పి చూపించాడట.